ఆడోళ్ల డబ్బా

సాయంత్రం ఆరుంబావు ఎంఎంటీఎస్‌ల
హైటెక్ సిటీ కాడ ఎక్కంగనే
సీట్ల నడుమ పాత పేపర్ పరుస్తం,
దాని మీద అనపకాయలు పోస్తం.
బేగంపేట దాటేసరికి సగం గుట్ట,
సీతాఫల్‌మండి వచ్చేసరికి ఉత్త పొట్టు.

ఆరేండ్ల సంది ఇదే డబ్బా, ఇవే నాలుగు జతల మోకాళ్లు.
వనజాక్షి గర్భసంచి ఆపరేషన్‌కు ఎంతైందో
నాకు రూపాయలతో సహా తెలుసు.
సలోమి మొగుడు చిట్టి ఎత్తి
ఎవరి చేతుల పోసిండో తెలుసు.
తస్నీమ్ ఆడబిడ్డ మాటలు బంద్ చేసి ఎన్ని నెలలో,
అది ఏ ఉంగరం గురించో కూడా తెలుసు.
నేను గురక పెడతనని వాళ్లందరికీ తెలుసు.

ఎవరు ఏ గుర్తు మీద వేలు పెట్టిన్రో,
అది మాత్రం తెల్వదు.
ఇరానీ హోటల్ గోడకు కట్టినట్టు
మా డబ్బాల ఎవరూ బోర్డు కట్టలే.
ఊరికనే,
మిరపపొడి సీసా పిల్లలకు అందకుండ
పై అరల పెట్టినట్టు పెట్టుకున్నం.

ఓట్లయిన మర్నాడు
మూడు చూపుడు వేళ్లకు నల్ల గీతలు.
తస్నీమ్ వేలు ఉత్తగ ఉన్నది.
చూసినం. అడగలే.

వనజాక్షి ఫోన్ల ఎవరో ఉపన్యాసం,
డబ్బా అంతా వినబడేటట్టు.
"మనం" అంటున్నడు, "వాళ్లు" అంటున్నడు,
చప్పట్లు కొడుతున్నరు.
"ఉన్నదే గదా చెప్తున్నడు" అన్నది వనజాక్షి,
ఎవరివైపూ చూడకుండ.
సలోమి కిటికీల చీకటిని చూసుకుంట కూసున్నది.
తస్నీమ్ ఒలుస్తనే ఉన్నది.
ఒక్కసారి మాత్రం
గింజలు పొట్టుల వేసి
పొట్టు గిన్నెల వేసింది.

ఆ ఫోన్ ఆపుమని చెప్దామని నోరు తెరిచిన.
ఒట్టు, అందుకే తెరిచిన.
"నేను ఏ దేవుణ్ణీ నమ్మనక్కా" అని వచ్చింది.

ఫోన్ ఆగింది.
"అదేంది! మొన్న గుట్ట పులిహోర తిన్నవ్ గదా?"
"తిన్న."
"మా క్రిస్మస్ కేకు?"
"రెండు ముక్కలు తిన్న."
"షీర్ ఖుర్మా డబ్బా కడిగినట్టు నాకి ఇచ్చినవ్ కదనే!"
ఆ రోజు మొదటిసారి నవ్వింది తస్నీమ్.
వనజాక్షి నా నుదురు ముట్టి చూసింది,
జ్వరమేమోనని.
సలోమి కండ్లు మూసుకొని
నా కోసం అప్పుడే ప్రార్థన మొదలుపెట్టింది.
ముగ్గురూ ఒక్కటైన్రు, నా మీద జాలికి.

మంచిదే అనుకున్న ఆ నిమిషం.
తర్వాత, జామే ఉస్మానియా దాటినంక,
ఎక్కడో ముల్లు దిగింది.
చెప్పాల్సిన మాట అది కాదు.
కాలుతున్న దాని మీద
నా చున్నీ కప్పిన, అంతే.
కింద ఇంకా కాలుతనే ఉంటది.

విద్యానగర్‌ల వనజాక్షి
తన వాటా ఎక్కువో తక్కువో చూడకనే
కవర్ ముడేసుకొని దిగింది.
కాచిగూడల జనం దిగిన్రు, గాలి ఎక్కింది.
ఇద్దరమే మిగిలినం.

"నీ వేలికి సిరా లేదేంది?"
ఆరేండ్లల్ల నేనడిగిన మొదటి ప్రశ్న అది.
"లిస్టుల పేరు లేదన్నరు. పోయినసారి ఉండె."
అని, పేపర్ మడిచి పొట్టు మూటగట్టి,
నా వైపు తిరిగింది.
"మరి కష్టమొస్తే
నువ్వు ఎవర్ని పిలుస్తవ్?"

ఎక్కిరింపు కాదు.
కొత్త ఇల్లు మారినోళ్లను
గల్లీ పేరు అడిగినట్టు అడిగింది.
నా పెండ్లయి పందొమ్మిదేండ్లు.
ఈ మాట నన్ను ఎవరూ అడగలే.

మలక్‌పేట వచ్చింది. దిగిన.
బండి యాకుత్‌పురా దిక్కు పోయింది,
కిటికీల ఆమె చెయ్యో, కడ్డీయో.

చేతి సంచిల తస్నీమ్ స్టీలు డబ్బా,
పొద్దున ఖట్టీ దాల్ పెట్టి ఇచ్చింది.
ఎవరి డబ్బా కూడా
ఖాళీగ తిరిగియ్యొద్దంటది మా అమ్మ.

రేపు ఆరుంబావుకల్లా
దాంట్ల ఏదో ఒకటి పెట్టాలె.